అడగలేని దాహం

తెలుగులో 'దాహం' అనే మాటకు ఒక విశేషమున్నది. సంస్కృతంలో దాహమంటే కాలుట, మంట. తెలుగువారు ఆ మాటను దప్పికకు వాడుకొన్నారు. అంతటితో ఆగక, దప్పికను తీర్చే నీటిని కూడా ఆ పేరుతోనే పిలిచారు. ఎండన పడి వచ్చిన బాటసారి గడప ముందు నిలిచి, "అమ్మా, కాస్త దాహమిప్పించండి" అని అడిగేవాడు. ఇల్లాలు చెంబుతో నీళ్ళో మజ్జిగో తెచ్చి ఇచ్చేది. బాధకూ, ఆ బాధను పోగొట్టే పదార్థానికీ ఒకే పేరు ఉండడం అన్య భాషీయులకు వింతగా తోచవచ్చు. ఆ చిన్న వాక్యంలో ఇద్దరు మనుషులున్నారన్నది గమనింపదగిన సంగతి. అడిగేవారొకరు, ఇచ్చేవారొకరు.

నేడు ఆరోగ్యాన్ని గురించి ప్రసంగించే వారందరూ "నీరు బాగా తాగండి" అని చెబుతున్నారు. ఆ వాక్యంలో ఒక్కరే ఉన్నారు. తాగవలసినవారు వారే, తాగకపోతే దోషమూ వారిదే. ఈ హితవు మంచిదే కాని ఇందులో సగమే ఉన్నదని నా అభిప్రాయం. మన విశాఖపట్నం వంటి ఊరిలో ఎవరి దేహానికి నీరు ఎక్కువ అవసరమో, తరచుగా వారికే తాగే వీలు తక్కువగా ఉంటున్నది. ఆ వీలును కలిగించే బాధ్యత, పనివేళలనూ తలుపుల తాళాలనూ తమ అధీనంలో ఉంచుకొన్నవారిది. ఈ రెండవ సగాన్ని గురించి మన పెద్దలు ఆలోచించినంతగా మనము ఆలోచించడం లేదు.

మొదట మన ఊరి వాతావరణాన్ని తెలుసుకోవాలి. విశాఖపట్నం ఎండ సంగతి ఉష్ణమాపకం పూర్తిగా చెప్పలేదు. మే నెలలో పల్నాటి సీమలోని రెంటచింతలలో 45 డిగ్రీల ఎండ కాస్తున్నదని పత్రికలలో చదివి, మన ఊరిలో 35, 36 డిగ్రీలే కదా అని మనము సంతోషిస్తాము. సముద్రుడు మనలను చల్లగా చూస్తున్నాడని మురిసిపోతాము. ఇది పూర్తిగా నిజం కాదు. మన దేహం తనను తాను చల్లబరచుకోవడానికి ఉన్న ముఖ్యమైన ఉపాయం చెమట. చెమట పట్టినంత మాత్రాన చల్లదనం రాదు. ఆ చెమట ఆవిరి కావాలి. ఒక లీటరు చెమట ఆవిరైతే దేహం నుండి సుమారు 580 కిలోకాలరీల వేడి తరలిపోతుంది. గాలి పొడిగా ఉన్నచోట ఇది సులభంగా జరుగుతుంది. సముద్రతీరంలో గాలి అప్పటికే తేమతో బరువెక్కి ఉంటుంది. చెమట ఆవిరి కాలేక ధారలుగా కారిపోతుంది. దేహం చల్లబడదు, చల్లబడలేదని ఇంకా చెమటను వెలువరిస్తుంది. నీరూ పోయి, ఉప్పూ పోయి, వేడి మాత్రం మిగులుతుంది. దీనినే మనవారు 'ఉక్క' అన్నారు. ఉక్కు కర్మాగారం వెలసిన ఊరు ఉక్కపోతకు కూడా నిలయం కావడం శబ్దసామ్యం మాత్రమే అయినా, రెండింటినీ అనుభవించిన కార్మికునికి ఆ రెండు మాటలూ దగ్గరి చుట్టాలుగానే తోస్తాయి.

వేసవి తీవ్రతను తేలికగా తీసుకోవడం ఎంత ప్రమాదమో 2015 తెలియజెప్పింది. ఆ ఏడాది మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి పదిహేను వందలమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు, ఆరుబయట కూలిపని చేసుకొనేవారు. నీడలో కూర్చొని పనిచేసుకొనేవారు ఆ జాబితాలో అరుదు. వడదెబ్బ కూడా మనిషి స్థితిగతులను చూసే తగులుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

వయోజనుని దేహభారంలో సగానికి మించిన భాగం నీరే. మూత్రపిండాలు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో నూటికి తొంభైతొమ్మిది వంతులు మరల రక్తానికే అప్పగిస్తాయి. మిగిలిన లీటరో, లీటరున్నరో మలినాలతో బయటకు వెళుతుంది. ఇంతటి పొదుపరి గృహిణి వంటి అవయవం మనకున్నా, చెమట రూపంలో పోయేదానిని అది ఆపలేదు. ఎండలో కష్టించి పనిచేసేవాడు గంటకు ఒక లీటరు చెమటను కోల్పోవడం సామాన్యమే. దేహభారంలో నూటికి రెండు వంతుల నీరు తగ్గితే చాలు, ఏకాగ్రత సన్నగిల్లుతుంది, తల బరువెక్కుతుంది, పనిలో పొరపాట్లు దొర్లుతాయి. అరవై కిలోల మనిషికి అది లీటరుకు కొద్దిగా ఎక్కువ. అంటే ఒక్క గంట కష్టానికి పోయేదే.

దప్పిక వేసినప్పుడు తాగితే చాలదా అని మీరు అడగవచ్చు. నీడపట్టున, తీరికగా ఉన్న ఆరోగ్యవంతులకు చాలావరకు అది చాలుతుంది. శ్రమ చేసేవారి విషయంలో దప్పిక కొంత ఆలస్యంగా వచ్చే దూత. అది కబురు చెప్పేసరికే కొంత నష్టం జరిగి ఉంటుంది. వయసు మీరినవారిలో ఆ దూత గొంతు మరింత సన్నగిల్లుతుంది. మీ ఇంటిలోని తాతగారు మధ్యాహ్నం వేళ నీళ్ళు అడగలేదంటే ఆయనకు అవసరం లేదని అనుకోకూడదు. అడగకుండానే గ్లాసు అందించాలి. పసిపిల్లల సంగతి చెప్పనక్కరలేదు, వారికి ఏడుపు తప్ప వేరే భాష లేదు.

ఇక దినమునకు ఎనిమిది గ్లాసుల లెక్క. ఇది దాదాపు శాస్త్రవాక్యంలా ప్రచారంలో ఉన్నది. దీని మూలం 1945లో అమెరికా ఆహార, పోషకాహార మండలి వెలువరించిన సూచనలో ఉన్నదని చెబుతారు. పెద్దవారికి దినమునకు సుమారు రెండున్నర లీటర్ల నీరు కావాలని చెప్పి, అందులో అధికభాగం తినే ఆహారంలోనే లభిస్తుందని కూడా ఆ మండలి చెప్పింది. లోకం మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను విడిచిపెట్టింది. 2002లో హైంజ్ వాల్టిన్ అనే మూత్రపిండ శాస్త్రజ్ఞుడు ఈ ఎనిమిది గ్లాసుల నియమానికి ఆధారాలు వెదికి, ఆరోగ్యవంతులందరికీ దానిని విధించడానికి తగిన శాస్త్రీయ ప్రమాణం కనబడలేదని వ్రాశాడు. పప్పుచారు, మజ్జిగ, పుచ్చకాయ, తాటిముంజ, ఇవన్నీ నీటి లెక్కలోకి వచ్చేవే. కాబట్టి గ్లాసులు లెక్కపెట్టుకోవడం కన్న మూత్రం రంగును గమనించుకోవడం మేలైన పద్ధతి. లేత గడ్డిరంగులో ఉంటే చాలినంత నీరు అందుతున్నట్లు, ముదురు పసుపులోకి మారితే అందనట్లు. అతిగా తాగడమూ హితం కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పాల్గొన్న కొందరిని పరీక్షించగా, నూటికి పదమూడుమందిలో రక్తంలోని సోడియం తగ్గిపోయినట్లు తేలింది. దారిపొడుగునా మితిమీరి తాగడమే అందుకు ముఖ్య కారణమని పరిశోధకులు నిర్ణయించారు. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తమ పరిమాణాన్ని వైద్యుని అడిగి తెలుసుకోవలసిందే.

ఇంతవరకు చెప్పినది మనిషి తన చేతిలో ఉన్నంత మేర చేసుకోగలిగినది. తన చేతిలో లేనిది చాలా ఉన్నది.

విశాఖ ఉక్కు కర్మాగారాన్నే తీసుకొందాము. అక్కడి ధమన కొలుములలో మొదటి రెండింటికి నదుల పేర్లు పెట్టారు. మొదటిది గోదావరి, రెండవది కృష్ణ. మూడవది అన్నపూర్ణ. పద్నాలుగు వందల డిగ్రీలకు మించిన వేడితో కరిగిన ఇనుము ప్రవహించే కొలుమును గోదావరి అని పిలిచినవారిలో కవిహృదయం ఉండి ఉండాలి. ఆ కొలుములకు నిజంగానే నీరు కావాలి. వాటి గోడలు కరిగిపోకుండా నిరంతరం నీటిని తిప్పుతూ ఉండాలి, ఆ ప్రవాహం ఆగితే కొలుముకే ముప్పు. అందుకే ఏలేరు జలాశయం నుండి సుమారు 150 కిలోమీటర్ల దూరం కాలువ ద్వారా నీటిని కణితి జలాశయానికి తెప్పించే ఏర్పాటు చేశారు. కొలుముకు దప్పిక వేసినప్పుడు అదే తాగుతుందిలే అని ఏ ఇంజనీరూ అనుకోలేదు. ఎంత నీరు, ఏ వేళకు, ఏ గొట్టం ద్వారా అన్నదంతా ముందుగానే గీసిపెట్టారు. ఏ కర్మాగారంలోనైనా యంత్రం విషయంలో ఇంత దూరదృష్టి చూపి, దాని ముందు నిలబడే మనిషి నీటిని మాత్రం అతని జ్ఞాపకశక్తికి విడిచిపెట్టడం సమంజసమా?

చట్టం విడిచిపెట్టలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షను, కార్మికులందరికీ అనువైన చోట్ల చాలినంత తాగునీరు ఏర్పాటు చేయాలని విధించింది. 250 మందికి మించి పనిచేసేచోట ఎండకాలంలో చల్లని నీరు ఇవ్వాలన్నది. నీళ్ళు పట్టుకొనే చోటు మరుగుదొడ్డికీ, మురుగుకాలువకూ ఆరు మీటర్ల లోపున ఉండరాదన్నది. అంతేకాదు, అక్కడ 'తాగునీరు' అని కార్మికులలో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో వ్రాయాలని కూడా అన్నది. భాషాధ్యాపకునిగా నాకు ఈ చివరి నియమం ముచ్చట గొలిపింది. మాతృభాష విలువను ఇంత క్లుప్తంగా చెప్పిన శాసనవాక్యం మరొకటి నేను చదవలేదు. 2020లో చేసిన వృత్తి భద్రతా స్మృతిలో కూడా తాగునీటి ఏర్పాటు యజమాని విధులలో ఒకటిగానే ఉన్నది.

అయితే కర్మాగారపు ప్రహరీ దాటితే పరిస్థితి వేరు. 1933లో ప్రారంభమైన మన నౌకాశ్రయం చుట్టూ బతుకుతున్న లారీ డ్రైవర్లు, మూటలు మోసే కళాసీలు, కట్టడాలవద్ద ఇసుక మోసే వలసకూలీలు, కూడలిలో నిలిచే ట్రాఫిక్ కానిస్టేబుల్, బస్సులోని కండక్టరు, వీరందరూ పగలంతా చెమటోడ్చేవారే. వీరి చేరువలో కుళాయి ఉండదు. నీళ్ళు కొనుక్కోవాలంటే ఇరవై రూపాయల సీసా గంటలో అయిపోతుంది. చేపలబుట్ట నెత్తిన పెట్టుకొని వీధి వీధి తిరిగే మత్స్యకార స్త్రీకి బుట్టలోని చేపపై చల్లడానికి నీళ్ళు దొరుకుతాయి గాని, తాగడానికి ఎవరో ఒకరి గడప ముందు అడగవలసిందే. ఆమె మగడు సముద్రంలోకి వెళ్ళేటప్పుడు వలతోపాటు మంచినీళ్ళ డబ్బాలనూ పడవలో పెట్టుకొంటాడు. చుట్టూ కనుచూపుమేర నీరే ఉన్నా అది దాహానికి పనికిరాదు. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిని బయటకు పంపడానికి మూత్రపిండాలు తాగినదానికంటె ఎక్కువ నీటిని వెచ్చించవలసి వస్తుంది.

ఇక మన కళాశాలల సంగతి. దీనిని గురించి పాఠ్యపుస్తకాలలో వ్రాయడం వాడుక కాదు. అయినా వ్రాయక తప్పదు. నేను కొంతకాలం పాఠం చెప్పిన ఒక కళాశాలలో విద్యార్థినుల నీళ్ళ సీసాలు ఉదయం ఎలా నిండుగా వచ్చేవో, సాయంత్రం దాదాపు అలాగే తిరిగి వెళ్ళేవి. ఏమమ్మా, నీళ్ళు తాగరా అని అడిగితే తలలు వంచుకొన్నారు. కొంతసేపటికి వారిలో ఒకరు, "తాగితే అటు వెళ్ళవలసి వస్తుంది సార్" అని నెమ్మదిగా చెప్పారు. 'అటు' అన్నది మెట్ల కింద ఉన్న మరుగుదొడ్డి. అందులో తలుపుకు గడియ లేదు, కుళాయిలో నీరు లేదు. అక్కడి నోటీసు బోర్డుపై మాత్రం నీరు ఎక్కువగా తాగవలసిన ఆవశ్యకతను గురించి రంగుల కాగితం అంటించి ఉండేది.

ఆ అమ్మాయిలకు ఆరోగ్యసూత్రాలు తెలియక కాదు. జంతుశాస్త్రంలో మూత్రపిండం బొమ్మను నాకంటె వారే బాగా గీయగలరు. ఎనిమిది గంటలపాటు దప్పికను అణచుకోవడం వారు తెలిసి చేసుకొన్న ఏర్పాటు, ఎందుకంటే మరొక ఏర్పాటు ఎవరూ చేయలేదు. దాని ఫలితం తలనొప్పులు, మధ్యాహ్నపు పాఠంలో మగత, మూత్రనాళానికి సోకే అంటువ్యాధులు. శరీర నిర్మాణం కారణంగా ఈ అంటువ్యాధులు స్త్రీలకు సోకడం మరింత సులభం. నీరు తాగకపోవడం, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోవడం రెండూ కలిసినప్పుడు ఆ ముప్పు పెరుగుతుంది. బజారులోని బట్టల దుకాణంలో రోజంతా నిలబడే అమ్మాయి, కూడలిలో విధులు నిర్వహించే మహిళా కానిస్టేబుల్ కూడా ఇదే లెక్క వేసుకొని ఇంటి నుండి బయలుదేరుతారు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2010 జూలై 28న సురక్షితమైన తాగునీటినీ, పారిశుద్ధ్యాన్నీ మానవహక్కులుగా గుర్తించింది. ఆ రెండింటినీ ఒకే తీర్మానంలో చేర్చడంలో ఔచిత్యం ఉన్నది. శుభ్రమైన మరుగుదొడ్డి లేనిచోట తాగునీటి కుళాయి ఉన్నా సగంమంది విద్యార్థులకు లేనట్లే.

దీర్ఘకాలం ఇలా గడిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఉత్తరాంధ్రలోనే ఒక విషాదభరితమైన ఉదాహరణ ఉన్నదని అనేకులు భావిస్తారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాలలో, మధుమేహమో రక్తపోటో లేని రైతుకూలీలు కూడా దీర్ఘకాల మూత్రపిండ వ్యాధికి గురవుతున్నారు. కొబ్బరితోటలతో, జీడితోటలతో పచ్చగా ఉండే సీమ అది. అక్కడి రోగులు చాలాకాలం చికిత్సకోసం మన కింగ్ జార్జి ఆసుపత్రి వరకు ప్రయాణం చేయవలసి వచ్చేది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనాయి. హిరమండలం జలాశయం నుండి శుద్ధిచేసిన నీటిని ఉద్దానం గ్రామాలకు అందించే పథకం కూడా వచ్చింది. ఈ వ్యాధికి మూలకారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. భూగర్భజలంలోని ఖనిజాలు, పురుగుమందులు, వంశపారంపర్య లక్షణాలు, ఎండలో శ్రమించి నీరు చాలినంత తాగకపోవడం, ఇలా పలు అనుమానాలున్నాయి. కాబట్టి నీరు తాగనందువల్లనే ఉద్దానానికి ఈ కష్టం వచ్చిందని చెప్పడం తొందరపాటు, బాధితులకు అన్యాయం కూడా.

మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాలలో చెరకు నరికే కూలీలకు ఇటువంటి వ్యాధే వచ్చింది. ఎండవేడి, అధికశ్రమ, నీటిలేమి పదే పదే మూత్రపిండాలను దెబ్బతీయడం అక్కడ ముఖ్య కారణాలలో ఒకటని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. అక్కడ చేపట్టిన నివారణ పద్ధతిని 'నీరు, విశ్రాంతి, నీడ' అని మూడు మాటలలో చెబుతారు. తోటలోకి నీటితోపాటు నీడనిచ్చే గుడారాన్ని కూడా తీసుకువెళ్ళారు. పనిని ఆపి కూర్చొనే సమయాన్ని ముందుగానే నిర్ణయించారు. ముక్కలలెక్కన కూలి పొందేవాడు తనంతట తాను పని ఆపి నీళ్ళు తాగడు. తాగిన ప్రతి నిమిషమూ అతని కూలిలో కోతయే. అందువల్ల విరామం యజమాని ఆజ్ఞగా రావలసి ఉన్నది.

దాహమిచ్చే పనిని పాలకుల, గృహస్థుల ధర్మంగా భావించడం మన నేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ళపై అశోకుని ధర్మశాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ ఉపయోగపడేలా బాటల వెంట బావులు తవ్వించి, చెట్లు నాటించినట్లు ఆయన అందులో చెప్పుకొన్నాడు. రాళ్ళపై చెక్కించి చాటుకోదగిన రాజకార్యాలలో అది ఒకటి. శాతవాహన ప్రభువు హాలుడు సంకలనం చేసిన గాథాసప్తశతిలో చలిపందిరి వద్ద ఒక బాటసారి, నీళ్ళు పోసే యువతి కనిపిస్తారు. ఆమెను మరికొంతసేపు చూడాలని అతడు దోసిలి వేళ్ళు సడలించి నీటిని జారవిడుస్తాడు, ఆమె కూడా సన్నని ధారను మరింత సన్నగా చేస్తుంది. ప్రాకృత కవి శృంగారం కోసమే చెప్పినా, రెండువేల ఏళ్ళనాడే బాటపక్కన నీళ్ళు పోసే మనిషి ఉండేదన్న లోకవృత్తం అందులో మనకు దొరుకుతున్నది. చలిపందిరి, చలివెందర, చలివేంద్రం అని మనకు ఇన్ని రూపాలున్నాయంటే ఆ వస్తువు ప్రజాజీవితంలో ఎంతగా నలిగిందో ఊహించుకోవచ్చు.

ఆ ధర్మం ఇంకా బతికే ఉన్నది. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరిప్రదక్షిణకు లక్షలాది భక్తులు కొండచుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. ఆ దారిపొడుగునా ఊరివారు నిలబడి నీళ్ళు, మజ్జిగ, పండ్లు అందిస్తారు. అడగనవసరం లేదు, చేయి చాస్తే చాలు. ఆ ఒక్కరోజు విశాఖపట్నం చూపే ఔదార్యాన్ని ఎంత మెచ్చుకొన్నా తక్కువే. మరునాడు అదే దారిలో తారు పోసే కూలీ దగ్గర నీళ్ళ కుండ ఉన్నదో లేదో చూసేవారుండరు. నడిచేవాని దాహం మనకు పుణ్యకార్యంగా కనబడింది, పనిచేసేవాని దాహం అలా కనబడలేదు. మన సంప్రదాయంలో నాకు కనిపించే లోటు ఇదే.

ఏమి తాగాలన్నదానిపై కొంత చెప్పవలసి ఉన్నది. చెమటతో నీరే కాక ఉప్పు కూడా పోతుంది కనుక, శ్రమజీవులకు ఉప్పు వేసిన మజ్జిగ, గంజి ఎంతో మేలు. ఉత్తరాంధ్రలో రాగులను చోళ్ళంటారు. చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళిన తాతముత్తాతలు శాస్త్రం చదవకపోయినా శాస్త్రసమ్మతమైన పనే చేశారు. సీసాలలోని రంగునీళ్ళు చక్కెరను ఇచ్చినంతగా ఉపశమనాన్ని ఇవ్వవు. విరేచనాలు పట్టుకొన్నప్పుడైతే ఓ.ఆర్.ఎస్. ద్రావణమే శరణ్యం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, నరాలలోకి ఎక్కించే సెలైన్ చాలక, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి రోగుల బంధువుల చేతనే గ్లాసులతో తాగించాడు. నూటికి ముప్పయివరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు తగ్గిపోయాయి. అక్కడ కూడా ప్రాణం నిలిపినది పక్కన కూర్చొని తాగించిన మనిషే. తీపి పానీయాల డబ్బాలపై ఈ ఓ.ఆర్.ఎస్. పేరును ముద్రించి అమ్మడంపై హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరును అలా వాడరాదని ఆదేశించింది. ఒక వైద్యురాలు ఒక్క మాట కోసం ఇంతకాలం పట్టుబట్టడం భాషను ప్రేమించేవారందరూ హర్షించవలసిన విషయం.

కళాశాలలకు ఏమి చేయవచ్చునో వెదకనవసరం లేదు. 2019లో కేరళలో కొన్ని పాఠశాలలు 'వాటర్ బెల్' అనే పద్ధతిని ప్రారంభించాయి. నిర్ణీత వేళలకు గంట కొడతారు, ఆ గంటకు విద్యార్థులందరూ నీళ్ళు తాగాలి. తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలోనూ దీనిని అమలు చేయాలని ఆదేశాలు వచ్చాయి. నాకు ఈ పద్ధతిలో నచ్చినది, తాగడానికి అనుమతి అడగవలసిన అవసరం లేకపోవడం. పాఠం మధ్యలో లేచి నిలబడి నలభైమంది ఎదుట అడగడానికి బిడియపడే విద్యార్థికి ఈ గంట ఎంతో ఉపకారం. కాని అది చిన్నపిల్లల బడులతో ఆగిపోవడం విచారకరం. ఉదయం నుండి సాయంత్రం వరకు, తరువాత స్టడీ అవర్ల పేరుతో రాత్రివరకు ఒకే గదిలో కూర్చొనే ఇంటర్మీడియట్ విద్యార్థులకు అది మరింత అవసరం. గంటతోపాటు మరుగుదొడ్డి తలుపుకు గడియ, కుళాయిలో నీరు, ఆ తాళంచెవి ఎవరివద్ద ఉన్నదో అందరికీ తెలిసే ఏర్పాటు కూడా ఉండాలి. లేకుంటే గంట మ్రోగుతుంది, సీసా మూత మాత్రం తెరుచుకోదు. ఈ ఏర్పాటును కోరుతూ జాతీయ సేవాపథకం విద్యార్థులు ప్రిన్సిపాలుగారికి ఒక వినతిపత్రం ఇవ్వవచ్చు. అందులో గౌరవభంగమేమీ లేదు. తరగతిలో తాము వ్రాసే లేఖారచనకు ఇంతకంటె మంచి విషయం దొరకదు.

పాఠాలకు అంతరాయం కలుగుతుందని కొందరు అధ్యాపక మిత్రులు ఆక్షేపిస్తారు. సిలబస్ పూర్తికావాలన్న వారి ఆందోళనను నేను అర్థం చేసుకోగలను, నాదీ అదే ఆందోళన. లెక్క వేసి చూద్దాము. దినమునకు మూడుసార్లు గంట కొట్టి, ఒక్కొక్కసారి రెండు నిమిషాలు ఇచ్చినా మొత్తం ఆరు నిమిషాలు. ప్రతిరోజూ హాజరు పిలవడానికి మనము ఇంతకంటె ఎక్కువ సమయమే తీసుకొంటున్నాము.